గాలివాన - గృహస్థధర్మము

కార్తికమాసము మన గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి రైతునకు సంవత్సరములో మిక్కిలి విలువగల మాసము. అప్పటికి ప్రత్తికాయ పగిలి చేనంతయు తెల్లవాఱియుండును. మిరప పూతకును పిందెకును వచ్చియుండును. మాగాణిలో వరి కంకి బరువెక్కి వంగియుండును. విత్తనము, ఎరువు, పురుగుమందు, కూలి, కౌలు, అన్నియు అప్పటికే నేలలో పడియుండును. రాబడి మాత్రము ఇంకను గడపలోనికి రాలేదు. సరిగా నా దినములలోనే తూర్పున వాయుగుండము పుట్టును. ఇది దైవము మనపై పగబూనుట కాదు; ఋతుధర్మము. బంగాళాఖాతమున తుఫానులు పుట్టు కాలములు రెండు గలవు. నైరృతి ఋతుపవనములకు ముందు వచ్చు వేసవి యొకటి. ఆ పవనములు మఱలిన పిదప అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు గల కాలము రెండవది. మన తీరమునకు రెండవదానివలననే భయము హెచ్చు. దివిసీమను ముంచిన 1977 నాటి ఉప్పెనయు, బాపట్లవద్ద తీరము దాటిన 2023 నాటి మిచౌంగ్ తుఫానును రెండును కార్తికమాసమునందు వచ్చినవే.

వచ్చు దినము తెలియని విపత్తునకు మనుష్యుడు చేయగలిగినది స్వల్పము. వచ్చు ఋతువు తెలిసియుండి, వచ్చు దినము సైతము మూడునాళ్లు ముందుగా తెలిసియుండి, సంసారమును చక్కబెట్టుకొనని గృహస్థుడు గాలిని నిందించి ప్రయోజనములేదు. ప్రభుత్వము చేయవలసినది కలదు, చేయనినాడు అడుగవలసినదియు కలదు. కాని యింటిలో చేయవలసినది ఇంటివారే చేయవలెను. ఆ విషయమును గూర్చియే నేడు పాఠకమహాశయులకు విన్నవింపదలచితిమి.

గతము చెప్పు పాఠము

1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుపట్టణముపై విఱుచుకొని పడినప్పుడు సుమారు 30,000 మంది ప్రాణములు కోల్పోయిరి. నాడు ముందుగా హెచ్చరించు సాధనమే లేదు. అదే సంవత్సరము అక్టోబరులో కలకత్తాను గొప్ప తుఫాను ధ్వంసము చేసియుండెను. ఇట్టి యుపద్రవముల పిదపనే, 1875లో, భారత వాతావరణశాఖ యేర్పడినది. అనగా నేడు మనమింట గూర్చుండి వినుచున్న తుఫాను కబురునకు మూల్యము ముందుతరములవారు ప్రాణములతో చెల్లించియున్నారు.

1977 నవంబరు 19వ తేదీ శనివారమునాడు చీరాల, నిజాంపట్నముల ప్రాంతమున తుఫాను తీరము దాటెను. దివి, రేపల్లె తాలూకాలలో సముద్రము సుమారు 5 మీటర్ల యెత్తున లేచి, పది కిలోమీటర్లకు పైగా పొలములలోనికి చొచ్చుకొనివచ్చెను. సుమారు పదివేలమంది మరణించిరి. గ్రామములకు గ్రామములే తుడిచిపెట్టుకొని పోయెను. నాడు హెచ్చరిక వెలువడకపోలేదు. అది ప్రతి పల్లెకును, ప్రతి గుడిసెకును అందలేదు. అందినచోట కూడ, ఏమి చేయవలయునో, ఎక్కడికి పోవలయునో తెలిసినవారు స్వల్పము. పిదప మండలి వెంకటకృష్ణారావుగారివంటివారు ఆ సీమలోనే నిలిచి చేసిన సేవయు, తెలుగునాట వీధివీధిని జోలెపట్టి తెచ్చిన విరాళములును ప్రజలు మఱువలేదు. కాని సేవ యెంత గొప్పదైనను అది చచ్చినవారిని లేపజాలదు గదా!

పదమూడు సంవత్సరములకు, 1990 మే 9వ తేదీని, దాదాపు అదే తీరమును అంతకంటె తక్కువగాని యొక ప్రచండమైన తుఫాను తాకెను. పంటకును, ఇండ్లకును, పశువులకును కలిగిన నష్టము అపారము. మరణించినవారి సంఖ్య మాత్రము వేయికి లోపుగానే యుండెను. గాలి మెత్తబడలేదు, సముద్రము కరుణింపలేదు. లక్షలమందిని ముందుగానే మెరకలకును, గట్టి భవనములకును తరలించిరి, అంతమాత్రమే భేదము. పదివేలకును వేయికిని గల ఆ యంతరమును పాఠకులు మనసున నిలుపుకొందురుగాక. అది కేవలము ముందుజాగ్రత్త నిలిపిన ప్రాణముల లెక్క.

ఆ తరువాత 2010 మే 20వ తేదీని లైలా తుఫాను బాపట్లవద్దనే తీరము దాటి ప్రకాశము జిల్లాను వానలో ముంచెను. 2023 డిసెంబరు 5వ తేదీని మిచౌంగ్ గంటకు 90 నుండి 100 కిలోమీటర్ల వేగముగల గాలితో అదే బాపట్లకు దక్షిణమున తీరము దాటెను. ఇప్పుడు మనుష్యప్రాణములు మునుపటివలె వేలకొలది పోవుటలేదు. కాని పంట పోవుచున్నది. దానివెంట సంసారము క్రుంగిపోవుచున్నది. ప్రాణరక్షణమున మనము నేర్చినది చాలవఱకు నేర్చితిమి. జీవనరక్షణమున నేర్వవలసినది ఇంకను కలదు.

శత్రువును తెలిసికొనుట

తుఫాను సముద్రపు వేడిమిచే పెరుగు మహాచక్రము. వెచ్చని సముద్రమునుండి ఆవిరి లేచి, పైకెక్కి, మేఘమై చల్లబడునప్పుడు వెలువడు వేడిమియే దానికి ఆహారము. భూమిపై కెక్కిన పిదప ఆ యాహారము దొరకక అది క్షీణించును. దాని గాలి గంటకు 62 కిలోమీటర్లు మించినపుడు దానిని తుఫాననియు, 89 మించినపుడు తీవ్రతుఫాననియు, 118 మించినపుడు అతితీవ్రతుఫాననియు వాతావరణశాఖవారు వ్యవహరింతురు. 2004 మొదలు మన సముద్రమున పుట్టు తుఫానులకు ఇరుగుపొరుగు దేశములవారు ముందుగా నిర్ణయించుకొన్న పేర్లు పెట్టుచున్నారు.

సుడిగాలి వేఱు, తుఫాను వేఱు. సుడిగాలి కొన్ని వందల గజముల వెడల్పున లేచి, నిమిషములలో తన పని ముగించుకొని పోవును. 2024 ఆగస్టు 31వ తేదీని ములుగు జిల్లా తాడ్వాయి, మేడారము అడవులలో సుడిగాలివంటి ప్రచండవాతము వేలకొలది మహావృక్షములను కొద్దిసేపటిలో కూల్చివేసినది; ముందు కబురు లేదు. అమెరికాదేశమున ఇట్టి సుడిగాలులు ప్రతి వసంతమునను వచ్చును. అచ్చటి కుటుంబములకు సామాన్యముగా దొరకు వ్యవధి పది పదిహేను నిమిషములు. అంతలోనే పిల్లలతో సహా ఇంటివారందఱును నేలమాళిగలోనికి దిగవలెను. అందుచే ఎవరు ఎవరిని పట్టుకొనవలయునో, ఎచ్చట కూర్చుండవలయునో అచ్చటి సంసారములు ముందుగానే నిర్ణయించుకొని, పాఠశాలలలో బాలురచేత అభ్యాసము చేయించుచుండును. వారికి పావుగంట, మనకు మూడు దినములు. పావుగంటలో వారు చేయుదానిని మూడు దినములలో మనము చేయకపోవుట కాలము చాలక కాదు, ఏర్పాటు లేకయే.

మన యుత్తరార్ధగోళమున తుఫాను గడియారపుముల్లునకు ఎదురుగా తిరుగును. ఈ యొక్క సంగతి తెలిసినచో గృహస్థుడు తన యింటి అరుగుమీదనుండియే చాలవిషయము గ్రహింపగలడు. గాలి వచ్చు దిక్కునకు వీపుపెట్టి నిలువబడినచో తుఫాను కేంద్రము మన యెడమచేతివైపున నుండును. ఉత్తరపుగాలి వీచుచున్నచో కేంద్రము తూర్పున సముద్రమున ఉన్నదన్నమాట. ఆ గాలి క్రమముగా తూర్పునకు, ఆగ్నేయమునకు తిరిగినచో కేంద్రము మనకు దక్షిణముగా పోవుచున్నది. అప్పుడు సముద్రముమీది గాలి తిన్నగా మనపై వీచును. తీరగ్రామములకు ఉప్పెనభయము అధికము. గాలి వాయవ్యమునకు, పడమటికి తిరిగినచో కేంద్రము మనకు ఉత్తరముగా దాటుచున్నది. అచ్చట ఉప్పెనభయము తక్కువ. 1977లో తుఫాను గుంటూరు తీరమున దాటగా, దాని కుడిప్రక్కనున్న దివిసీమ మునిగిపోవుటకు కారణమిదియే.

మఱియొక సంగతి ప్రాణములతో ముడిపడియున్నది. తుఫాను నడుమ ‘కన్ను’ అను ప్రశాంతభాగము ఉండును. అది మన గ్రామముమీదుగా పోవునప్పుడు గాలి ఒక్కసారిగా నిలిచిపోవును, ఆకసము తేటపడును. పోయినదని తలచి జనులు వెలికి వచ్చి పశువులకొఱకును, ఎగిరిన రేకులకొఱకును వెదుకుచుండగా, కొంతసేపటికి గాలి మొదటికి వ్యతిరేకదిశనుండి అంతే వేగముతో వచ్చి కొట్టును. తుఫాను దాటినదని అధికారులు ప్రకటించువఱకు గడప దాటరాదు.

హెచ్చరికలు నాలుగు

వాతావరణశాఖవారి హెచ్చరికలు నాలుగు మెట్లుగా నుండును. తీరమునకు చెడువాతావరణము రానున్నదని సుమారు 72 గంటల ముందు మొదటిది; 48 గంటల ముందు రెండవది; 24 గంటల ముందు మూడవది; ఏ ప్రదేశమున తీరము దాటునో, లోపలి జిల్లాలలో ఏమి జరుగనున్నదో తెలుపునది సుమారు 12 గంటల ముందు నాలుగవది. నిజాంపట్నము రేవున ఎగురవేయు 1 మొదలు 11 వఱకు గల అంకెల సూచిక ఓడలకును పడవలకును ఉద్దేశింపబడినది. ఆ యంకె చిన్నదిగా నున్నదని చిలకలూరిపేట రైతు నిశ్చింతగా నిద్రించుట అవివేకము. సముద్రమునకు ముప్పయి క్రోసుల దూరమున సైతము వాన మిరపచేనిని ముంచగలదు.

ఈ నాలుగు మెట్లకును సరిపడ ఇంటిపనిని నాలుగు భాగములు చేసికొనవలెను.

మొదటి కబురు విన్ననాటి సాయంకాలము ఇంటి పెద్ద అందఱిని కూర్చుండబెట్టి మాటాడవలెను. ఇది వినోదము కాదు; కుటుంబసభ. ముసలివారిని ఎవరు నడిపింతురు? చంటిబిడ్డ యెవరి చేతిలో నుండును? పశువుల పలుపు లెవరు విప్పుదురు? కొట్టము కూలినచో ఎచ్చటికి పోవలెను? ఒకరినుండి యొకరు తప్పిపోయినచో ఎచ్చట కలిసికొనవలెను? దూరమున, తుఫానునకు వెలుపల, హైదరాబాదులోనో బెంగుళూరిలోనో యున్న యే బంధువునకు అందఱును క్షేమసమాచారము పంపవలెను? ఈ ప్రశ్నలకు ఉత్తరములు కాగితముపై వ్రాసి గోడకు అతికింపవలెను. 108, 112, రాష్ట్ర విపత్తు కార్యాలయపు 1070 అను సంఖ్యలను పిల్లలచేత కంఠస్థము చేయింపవలెను. నెలలు నిండిన స్త్రీని, మంచమునబడిన రోగిని ఆనాడే పట్టణమునకు చేర్చవలెను. గాలి లేచిన పిదప బండి దొరకదు, దొరికినను బాట సాగదు.

రెండవ దినమున ఇల్లు. పట్టాదారు పాసుపుస్తకము, ఆధార్, బ్యాంకుపుస్తకము, బీమాకాగితములు, పిల్లల చదువుపత్రములు, కౌలుపత్రము, బంగారపు తాకట్టుచీటి, వీనినన్నిటిని నీరు చొరని సంచిలో కట్టి ఒకచో నుంచి, వాని చిత్రములను దూరపుబంధువు ఫోనునకు పంపవలెను. రేకుల కప్పును ఇనుపతీగెతో బిగించి, ఇసుకబస్తాలు వేయవలెను. ఇంటిపై వ్రాలిన వేప, కొబ్బరి, మునగకొమ్మలను నఱకవలెను. గడ్డివామిని మోకులతో కట్టవలెను. దొడ్డిలో వదులుగాబడియున్న రేకు, పలక, సైకిలు సైతము ఆ గాలిలో కత్తివంటివి. వానిని లోన చేర్చవలెను. గృహిణి మూడు దినములకు సరిపడ త్రాగునీటిని మూతగల బిందెలలో నిలువచేయవలెను. పొయ్యి వెలిగింప వీలులేని వేళకు అటుకులు, మరమరాలు, బెల్లము, వేయించిన పప్పు, కందిపొడి, ఊరగాయ ఉండవలెను. బిడ్డల పాలపొడి, ముసలివారి నిత్యౌషధములు, కొవ్వొత్తులు, బ్యాటరీదీపము, నిండుగా ఎక్కించిన ఫోను, బ్యాటరీతో నడచు రేడియో సిద్ధముగా నుండవలెను. విద్యుత్తు పోయినపిదప పట్టణపు నీటిగొట్టము పనిచేయదని పట్టణవాసులు మఱువరాదు.

మూడవ దినమున, అనగా 24 గంటల హెచ్చరిక వచ్చినంతనే, పాకలలోను, తాటాకు ఇండ్లలోను, బీటలువాఱిన మిద్దెలలోను ఉన్నవారు బయలుదేరవలెను. ఇచ్చటనే మన సంసారములలో తగవు పుట్టును. ‘ఈ గడపలో పుట్టితిని, ఈ గడపలోనే పోయెదను’ అని ముసలితాత మంచము దిగడు. ‘పొరుగువాని యింట తలదాచుకొనుట మన వంశమునకు తగదు’ అని నడివయసు గృహస్థుడు బింకము చూపును. వారికి చీరాల-పేరాల ఉదంతము జ్ఞాపకము చేయవలసియున్నది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై వేలాది జనులు తమ ఇండ్లను, వాకిండ్లను విడిచి ఊరివెలుపల రామనగరు పాకలలో సుమారు 11 నెలలు కాపురముండిరి. ఆత్మగౌరవముకొఱకు పదునొకండు నెలలు ఇల్లు విడిచిన జాతికి, ఆలుబిడ్డల ప్రాణములకొఱకు ఒక్కరాత్రి విడుచుట అవమానమా? ఇల్లు విడుచుట పిఱికితనము కాదు. గుడిసెలో గాలికి ఎదురునిలుచుటయు శౌర్యము కాదు.

పోవుటకు ముందు విద్యుత్తు మీట దింపవలెను, గ్యాసుబండ కట్టివేయవలెను, పశువులను కట్టుకొయ్యనుండి విప్పి మెరకకు తోలవలెను. కట్టియున్న పశువు నీటిలో చచ్చును. విడిచిన పశువు తన త్రోవ తాను వెదకుకొనును.

చేనును గూర్చి

మన మండలముల సంసారమునకు ఇల్లు సగము, చేను సగము. ఎకరమునకు లక్షరూపాయలకు మీఱిన పెట్టుబడి మ్రింగు మిరపతోట రెండు దినములు నీట నిలిచినచో చాలును. నల్లరేగడి నీటిని విడువదు, వేరునకు ఊపిరి ఆడదు, మొక్క నిలువుగా వడలిపోవును. కావున మూడు దినముల వ్యవధిలో మొదట చేయవలసినది మందు కొట్టుట కాదు, ఎరువు చల్లుట కాదు. నీరు పోవు త్రోవ చూచుట. చేనిలోని కాలువలను లోతుచేసి, గట్టునకు గండికొట్టి, ఆ నీరు దిగువ వాగునకు పోవునట్లు చేయవలెను. ఇది యొక్కని పని కాదు. ఎగువవాడు తన నీటిని దిగువవానిపై వదలినచో, దిగువవాడు గట్టువేసి అడ్డగించును. పిదప ఇద్దఱి చేలును మునుగును, కోర్టువ్యవహారమొకటి మిగులును. ఒక వాలులోనున్న రైతులందఱును ముందుగా కూడి ఒకే త్రోవను నిర్ణయించుకొనవలెను.

పగిలిన ప్రత్తిని వాన రాకముందే తీయించవలెను. తీసిన ప్రత్తిని తేమ తగులనిచోట పోయవలెను. భారత ప్రత్తి సంస్థవారు 8 శాతము తేమ దాటిన ప్రత్తికి ధర తగ్గింతురు; 12 శాతము దాటినదానిని కొననే కొనరు. వానకు రంగుమాఱిన ప్రత్తిని మంచిప్రత్తిలో కలుపుట తెలివి యనుకొనువారు గలరు. అది మంచిదాని ధరనుగూడ చెఱచును. రెంటిని వేఱుగా నుంచవలెను. కళ్ళములో నున్న పంట ఏదైనను మెరకపై పోగుచేసి, క్రిందను పైనను బరకములు కప్పి, అంచులను బరువుపెట్టి బిగింపవలెను. కోసిన వరి తడిసి మొలకెత్తకుండుటకు లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనలపై చల్లుట వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పిన సులభమైన యుపాయము.

తుఫాను వెడలిన పిదప మొదటి రెండు దినములు చేనికి ప్రాణప్రదములు. ముందు నీరు తీయవలెను. నేల కొంచెము ఆరినంతనే, 1922లో స్థాపింపబడిన గుంటూరు లాం వ్యవసాయక్షేత్రమువంటి చోటులనుండి వచ్చు సలహాననుసరించి, మిరపకును ప్రత్తికిని లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేటుగాని 20 గ్రాముల యూరియాగాని కలిపి ఆకులపై పిచికారి చేయవలెను; తడిసిన వేరు నేలనుండి ఆహారము తీసికొనలేదు, ఆకునుండి అందింపవలెను. వేరుకుళ్లు, ఎండుతెగులు రాకుండ లీటరునకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపిన నీటిని మొదళ్లలో పోయవలెను. తడిసిన మిరపకాయలు నేలపై ఆరబోసినచో బూజుపట్టి విషమగును. బరకములపై పలుచగా ఆరబోసి, తాలుకాయను వేఱుచేసి బస్తాలకెత్తవలెను. పూర్తిగా చచ్చిన చేనిపై మఱల మిరపనే నాటుదునని వడ్డీకి క్రొత్తప్పు తెచ్చుటకంటె, కాలమును బట్టి శనగయో జొన్నయో వేసి నేలతేమను వాడుకొనుట మేలు. కోపముతో వేసిన పందెము వ్యవసాయము కాదు.

తిరిగి నిలుచుట

ఇంటికి తిరిగివచ్చినపుడు తొందరపడరాదు. తెగిపడిన విద్యుత్తీగెను, అది ప్రాకిన తడిగోడను తాకరాదు. నీటినుండి పారిపోయి వచ్చిన పాము పరుపులోను, ధాన్యపుగాదెలోను, కట్టెలమోపులోను దాగియుండును. కఱ్ఱతో తట్టి చూడనిదే చేయిపెట్టరాదు. కాటు పడినచో మంత్రగాని యింటికి కాక ఆసుపత్రికి పోవలెను. విషమునకు విఱుగుడుమందు అచ్చటనే కలదు. బావినీటిని తోడివేసి, వేయి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల బ్లీచింగుపొడి వంతున కలిపి, ఆ రాత్రి నిలువనిచ్చి వాడుకొనవలెను, త్రాగునీటిని కాచవలెను. గాలిలో చావనివారు విరేచనములతో చచ్చుట మన పూర్వులు చూచినదే. పశుకళేబరములను వెంటనే లోతుగా పాతిపెట్టవలెను.

నష్టమును అనుకొన్నంతలో కాక లెక్కతో పట్టుకొనవలెను. శుభ్రము చేయుటకు ముందే ఇంటిని, చేనిని, చచ్చిన పశువును ఫోనుతో చిత్రము తీయవలెను. పంట 33 శాతమునకు తగ్గకుండ పోయినప్పుడే ప్రభుత్వపు పెట్టుబడిసాయమునకు అర్హత కలుగును. ఈ-పంటలో ఎవరి పేరు నమోదైనదో వారికే ఆ సాయము అందును. ఈ నమోదు గాలి వచ్చిన పిదప చేయు పని కాదు; విత్తిననాడే చేయవలసినది.

ఇచ్చట భూస్వాములైన మా పాఠకులతో మనసువిప్పి మాటాడవలసియున్నది. మన మండలములలో మిరప, ప్రత్తి చేలలో పెద్దభాగము కౌలురైతు సాగుచేయునది. అతడు కౌలు ముందుగానే చెల్లించును, పెట్టుబడి అతనిది, అప్పు అతనిది, మునిగిన చేను అతనిది. కాని కాగితము భూస్వామిది. తుఫాను సాయము కాగితము వెంట పోవును గాని కన్నీటి వెంట పోదు. 2019లో వచ్చిన పంటసాగుదారుల హక్కుల చట్టము కౌలురైతునకు పత్రమిచ్చుటకు భూయజమాని సమ్మతిని కోరినది. ఆ పత్రము 11 నెలలకు మాత్రమే చెల్లును, పంటపైనే హక్కునిచ్చును, భూమిపై ఏ హక్కును ఈయదు. అట్టిదానిపై సంతకము చేయుటకు జంకిన యజమానులు ఎందఱో గలరు. సంతకము పెట్టకుండుటవలన వారి భూమి యొక్క సెంటైనను పెరుగలేదు; తుఫాను పిదప కౌలురైతు మాత్రము చేతిలో చిల్లిగవ్వలేక మిగిలెను. తనది కాని నష్టమునకు సాయము తన ఖాతాలో పడినప్పుడు మారుమాటాడక దాచుకొనుట ఏ ధర్మశాస్త్రమున కలదో వారే చెప్పవలెను.

కుటుంబమనగా ఒక కప్పు క్రింద నున్న రక్తబంధువులు మాత్రమే కాదు. పాలేరు, కౌలుదారు, మిరపకోతకు వచ్చు కూలిస్త్రీ, వారి బిడ్డలు, వీరందఱి శ్రమచేతనే ఆ కప్పు నిలిచినది. గ్రామమున గట్టి డాబా యెవరిదో తుఫానురాత్రి ఊరికి ఆశ్రయము వారిదే కావలెను. కులమడిగి తలుపు తీయువాడు తన తలుపును గాలి కులమడిగి కొట్టునా యని యోచించుకొనవలెను. తుఫాను పిదప పనిలేని పదిదినములు కూలివానికి ఆకలిదినములు. ఆ దినములలో కాలువల పూడిక తీయుట, కూలిన చెట్లు తొలగించుట, పాకలు కప్పుట వంటి పనులు కల్పించి కూలి యిచ్చినచో అది దానము కాదు. ఊరు తిరిగి లేచుటకు మార్గము.

నల్లమడ, రొంపేరు, కొండవీటివాగులవంటి మురుగుత్రోవలు తూటితోను, గుఱ్ఱపుడెక్కతోను పూడినప్పుడు చేలు మునుగుచునే యుండును. వానిని బాగుచేయుట ప్రభుత్వధర్మము. వేసవిలోనే అడుగుట ప్రజాధర్మము. వాని గట్లను దున్నుకొని ఆక్రమింపకుండుట పెద్దరైతుల ధర్మము. మూడవదానిని మఱచి రెండవదానికి బయలుదేరినవారి విన్నపమునకు బలముండదు.

ఇంకొక నష్టము కలదు. అది అధికారి పుస్తకమునకు ఎక్కదు. చేను పోయిన గృహస్థుడు మాటాడుట మానును; తిండి మానును; రాత్రులు చేనిగట్టున ఒంటరిగా కూర్చుండును. అప్పులవాడు గడప త్రొక్కునన్న భయము గాలిభయమునకు మించినది. ఇట్టివానిని ఒంటరిగా విడువరాదు. ఇంటి యాడువారికి అప్పు సంగతి దాచరాదు. లెక్క అందఱి ముందు విప్పినచో భారము పంచుకొనబడును. బ్యాంకువారిని వాయిదా మార్చుమని అడుగుట యాచన కాదు, హక్కు. పిల్లలు గాలి శబ్దము విన్నంతనే ఉలికిపడుదురు. వారిని వీలైనంత త్వరగా బడికి పంపుట, వారిచే చిన్నపనులు చేయించుట మంచి మందు. పురుగుమందుడబ్బాను ఇంటిలో నుండనీయక తాళము వేసి దూరముంచుట ఈ దినములలో గృహిణి చేయదగిన గొప్ప జాగ్రత్త.

1921-22లో పెదనందిపాడు ఫిర్కారైతులు పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున పన్ను నిరాకరించినప్పుడు, ఊరూర శాంతిసేనయను స్వచ్ఛందదళమేర్పడి క్రమముతో పనిచేసినది. అదే నల్లరేగడిలో నేడు ప్రత్తియు మిరపయు పండుచున్నవి. ఆ యువకుల మనుమలు, మునిమనుమలు ఊరికొక ఇరువదిమంది చొప్పున కూడినచో, ఏ యింట నడువలేని ముసలివారున్నారు, ఏ పాక బలహీనము, ఏ భవనమున ఎందఱు పట్టుదురు అను పట్టిక వ్రాయుటకు ఒక్క ఆదివారము చాలును. మోకు, గొడ్డలి, దీపము, పడవ యెవరిచెంత గలవో తెలిసికొనుటకు మఱియొక ఆదివారము.

వచ్చు కార్తికమునకు ముందు ప్రతి గృహస్థుడును మూడు పనులు చేయుగాక: ఇంటి కాగితములను సంచికెత్తుట, చేని నీటికి త్రోవ తీయుట, తన భూమిని దున్నువాని పేరు పత్రమునకెక్కించుట. మొదటిది తనకొఱకు, రెండవది పొరుగువానికొఱకు, మూడవది ధర్మముకొఱకు. ఈ మూడును జరిగిన ఊరిని గాలి వంచవచ్చును గాని పెకలింపజాలదు.